మూడో నంబరు క్యాపు

తుని హైవే పక్కన కార్ల షెడ్డు నడిపే సూర్రావు మేస్త్రికి ఓ అలవాటుంది. ఎవరైనా ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పడు. చేతికి స్పానరిస్తాడు.

పైడయ్య ఆయన దగ్గర పనికి చేరినప్పుడు ఇంకా మీసం రాలేదు. ఇప్పుడా మీసం నెరుస్తోంది. మూడు సిలిండర్లు వరసగా నిలబెట్టిన బుల్లి కారు ఇంజనంటే అతనికి కొట్టిన పిండి. దాన్ని కంపెనీవాడు ఎన్ని వేషాల్లో వదిలాడో నిద్రలో లేపినా చెబుతాడు. ఇంకో సిలిండరు తగిలించి పెద్ద కారుకి, స్ట్రోకు పెంచి లోడు బండికి, గ్యాసుకి వేరే, టర్బో పెట్టింది వేరే. అన్నీ ఒక కుటుంబమే. దీని వాల్వులు దానికి, దాని ఆయిలు పంపు దీనికి వేసి ఎన్ని బళ్ళు రోడ్డెక్కించాడో లెక్కలేదు.

ఆ రోజు బోర్డు మీద రంగు వెలిసిపోయిందని పెయింటరొచ్చాడు. బోర్డు మీద 'సూర్రావు అండ్ సన్' అని ఉంది. ఆ కొడుకు లోవరాజు తండ్రితో గొడవపడి ఎప్పుడో పోయాడు. ఎక్కడున్నాడో తెలీదు, ఫోనూ లేదు. ఆ తర్వాత మేస్త్రిని ఆసుపత్రికి మోసిందీ, చేతులు వణికితే అన్నం కలిపి పెట్టిందీ పైడయ్యే.

పెయింటరు నిచ్చెనెక్కాక పైడయ్య మెల్లిగా అడిగాడు. "గురువుగారూ, నన్ను కొడుకులాంటోడివంటారు కదా. బోర్డు మీద ఆ 'సన్' అన్న చోట నా పేరు రాయిస్తే ఏమవుద్ది?"

మేస్త్రి మూలనున్న ఇంజను బ్లాకు చూపించాడు. ఇరుసులా తిరిగే క్రాంకుని కింద నుంచి పట్టుకునే ఇనప క్యాపుల్లో మూడోది ఎక్కడో పోయి, ఆ బ్లాకు చాన్నాళ్ళుగా అలాగే పడుంది. తుక్కులోంచి అదే రకం ఇంజనుది, అదే మూడో నంబరు క్యాపు తీసి పైడయ్య చేతిలో పెట్టాడు.

"బిగించు."

పైడయ్య తుడిచాడు, ఆయిలు రాశాడు, పద్ధతిగా బిగించాడు. క్రాంకు తిప్పబోతే కదల్లేదు. బోల్టులు వదులు చేశాడు. ఇట్టే తిరిగింది. మళ్ళీ బిగించాడు. మళ్ళీ పట్టేసింది.

"ఏవైందిరా? మూస అదే, నంబరూ అదే కదా."

పైడయ్యకి తెలుసు. కొత్తగా చేరినోళ్ళకి తనే చెప్పేవాడు. "క్యాపులన్నీ బ్లాకుకి బిగించాక అన్నిటికీ ఒకేసారి గుండ్రంగా తొలిచి బోరు కొడతారు గురువుగారూ. ఏ బ్లాకుకి ఆ క్యాపే. వెంట్రుకవాసి తేడా వచ్చినా పట్టేస్తది."

"మరి దారి లేదంటావు."

"ఎందుకు లేదు? లేతు షాపులో ఇస్తే ఈ క్యాపుతోనే మళ్ళీ లైను బోరు కొడతారు. ఇంక ఇదే దీని సొంతమైపోద్ది."

"సరే. ఆ తర్వాత పాత క్యాపు దొరికితే?"

పైడయ్య బోల్టులు విప్పి క్యాపు చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని చూస్తూ అన్నాడు, "ఇంక పట్టదు."

మేస్త్రి రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. దుమ్ము రేపుకుంటూ ఏవో లారీలు పోతున్నాయి.

"మేస్త్రీ, రంగు ఆరిపోతోందండి. ఏం రాయమంటారు?" అని పైనుంచి పెయింటరు కేకేశాడు. "ఎవరి పేరైనా నాకు ఒకటే గానీ, ఈ నిచ్చెన ఊగుతోంది."

"ఉన్నదే రాయి."

పైడయ్య లేచెళ్ళి ఒక చేత్తో నిచ్చెన పట్టుకున్నాడు. రెండో చేతిలో క్యాపు ఇంకా ఉంది. దాన్ని తుక్కు కుప్పలోకి విసరబోయాడు.

"పారెయ్యకురా," అన్నాడు మేస్త్రి, అతని మొహం చూడకుండా. "అది మంచి క్యాపే."