బరువును బట్టి ధర

పైడమ్మకు మూడేళ్ళు, ఏం కొన్నా కొసరు పెట్టించుకోకుండా అంగడి మెట్టు దిగదు. ఆ దొడ్డి పెట్టకోళ్ళలో ఆమెను మించిన బేరగత్తె లేదు.

అడవి అంచున నారప్ప అనే నక్క నూకల కొట్టు పెట్టాడు. అక్కడి పద్ధతి వింతది. కొనేవాళ్ళు ముందు పెద్ద తక్కెడలో కూర్చోవాలి. ఎంత బరువుంటే ధర అంత తగ్గుతుంది. అవతలి పళ్ళెంలోని నల్లరాయి పైకి లేచిందా, సరుకు ఉచితం.

మొన్న ఎర్రపెట్ట చంద్రి కూర్చుంటే రాయి లేచింది. మళ్ళీ ఆమె కనబడలేదు. నూకలు మోసుకుని పుట్టింటికి పోయిందన్నాడు నారప్ప. దొడ్డంతా నమ్మింది. గూట్లో చంద్రి గుడ్లు మాత్రం చల్లబడిపోయాయి.

"ఇంకాస్త మింగి వెళ్ళవే. ఇవాళ రాయి లేచేలా ఉంది. పొదుపుగా ఇల్లు నడపడమంటే అదీ!" అన్నాడు పైడమ్మ మొగుడు, పుంజు సూర్రావు. తానెన్నడూ తక్కెడ ఎక్కలేదు. కొట్టుకెళ్ళడం ఆయనకు నామోషీ.

మిట్టమధ్యాహ్నం. కొట్లో ఒక్క ఈగ కూడా లేదు. తక్కెడ వెనక గోనెపరదా ఉబ్బుతోంది, తగ్గుతోంది. బయట ఆకు కదలడం లేదు. పళ్ళెం అంచుకు ఓ ఎర్రటి ఈక అంటుకుని ఉంది.

"రా మరదలా! బాగా ఒళ్ళు చేశావే. ఎక్కు," అంటూ నారప్ప గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"పరదా వెనక ఏముంది బావా?"

"సరుకు."

"సరుకు ఊపిరి తీస్తుందా?"

"ఎండకి అన్నీ ఉబ్బుతాయి పిల్లా. ఎక్కు."

పైడమ్మ గుమ్మం వైపు చూసింది. పారిపోయే దారి లేదు. మిగిలింది నోరొక్కటే.

"ఎక్కుతాలే. నా కొసరేదీ?"

"ఉచితం మీద కొసరేమిటే, సిగ్గులేకపోతే సరి!"

"ఇన్ని వారాలుగా ఎక్కుతున్నా, రాయి కదల్లేదు. నేలకి అతికించావని నా అనుమానం. నువ్వెక్కి లేపి చూపించు. అదే నా కొసరు."

"నా తూకానికే వంక పెడతావా?" నారప్ప ఎగిరి పళ్ళెంలో కూర్చున్నాడు. రాయి గాల్లోకి లేచింది. పళ్ళెం దిగి పరదా అంచును తాకింది.

పరదా కింద నుంచి చారల పంజా ఒకటి బయటికొచ్చింది. అది ఎవరని చూడలేదు.

"దొరా! నేనయ్యా, నీ నారప్పని!"

"బరువు సరిపోయింది," అంది లోపలి గొంతు, మెల్లగా.

కాసేపటికి పరదా మళ్ళీ మామూలుగా ఉబ్బడం, తగ్గడం మొదలుపెట్టింది.

పైడమ్మ వట్టి ముక్కుతో ఇల్లు చేరింది. "ఉచితం వదులుకొచ్చావా, మతిలేనిదానా!" అని ఎగిరాడు సూర్రావు.

"కొట్టు తెరిచే ఉంది. నువ్వెళ్ళి కూర్చో," అందామె.

అంగట్లో తక్కెడ ఎక్కించేది సరుకునే. నిన్ను ఎక్కమన్నారంటే కొనేవాడు వేరే ఉన్నాడు.

పైడమ్మ ఆ తర్వాత పొరుగూళ్ళో పూర్తి ధరకే నూకలు కొంది, కొసరుతో సహా. సూర్రావుకి ఒక్క గింజ పెట్టలేదు.