కళ్ళు కడిగే చెంబుకు అదనం

పిల్లలూ, రాగిబిళ్ళ మీద రుసుము వేసిన రాజుగారి కథ మీరు విని ఉండరు. నాకు తెలిసినది ఉన్నదున్నట్టు చెబుతాను, చెవులిటు పెట్టండి.

ఒకానొక రాజ్యంలో ఉద్దండవర్మ అనే రాజు ఉండేవాడు. నోరు విప్పి పని చెప్పడం తన హోదాకు తక్కువని ఆయన నమ్మకం. ఏం కావాలన్నా సింహముద్ర వేసిన రాగిబిళ్ళ పంపేవాడు. బిళ్ళ చేరిందా, పని జరగాల్సిందే!

దారుల్లో దొంగల భయం ఎక్కువైందని జనాన్నీ బిళ్ళలే వాడమన్నాడు. నాణేలు ఖజానాలో దాచుకుని, వాటికి బదులిచ్చే బిళ్ళలతో పన్ను కట్టవచ్చు. జనం సంబరపడ్డారు. తీరా అలవాటు పడ్డాక కోశాధికారి పింగళయ్య చాటింపు వేయించాడు: "బిళ్ళతో పన్ను కట్టేవారు పదికొకటి అదనంగా కట్టాలహో!"

సంత భగ్గుమంది.

"వాడమన్నదీ వాళ్ళే, వాడినందుకు దండుగ వేసేదీ వాళ్ళేనా?"

"పోనీలేవయ్యా, బిళ్ళలు చేయించడానికి ఖర్చవదూ?" అన్నాడొక పెద్దమనిషి.

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ? నాణేలే మోసుకొచ్చేదాన్ని!" అంది గారెలమ్మే ఎల్లవ్వ.

అదనం కట్టనందుకు ఆమె మూకుడు భటులు పట్టుకుపోయారు. పొద్దుగూకేలోగా కట్టకపోతే వేలమే. మర్నాడు తిరునాళ్ళు. ఏడాదికంతటికీ ఆమెకు ఆ బేరమే ఆధారం.

ఆస్థాన చమత్కారి మాచిరాజు గారెల కోసం వచ్చి, చల్లారిన పొయ్యి చూశాడు. కడుపులో ఆకలి కాస్తా కోపమైంది.

"అవ్వా, ఇవాళేం వారం?"

"శనివారం నాయనా."

"రాజుగారి తలంటు రోజు!" అంటూ కోటకేసి పరుగో పరుగు.

తలంటు పోసే వీరన్న అతని ఉపాయం విని చేతిలోని నూనె గిన్నె కింద పెట్టేశాడు. "నా తల తీయిస్తారు బాబూ!"

"ముందు నా తల ఇస్తాలే, పద!"

ఎప్పటిలాగే రాజుగారి బిళ్ళ వచ్చింది. వీరన్న నూనె పట్టించాడు. కుంకుడు రసం పోసి నురగలు వచ్చేలా రుద్దాడు. అక్కడితో ఆగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రాజు చెయ్యి ఊపాడు. నీళ్ళు రాలేదు. రెండు చేతులూ ఊపాడు. రాలేదు. కళ్ళు భగభగ మండాయి.

"నీళ్ళు! నీళ్ళురా!" కోటంతా దద్దరిల్లింది.

తలుపు అవతలి నుంచి మాచిరాజు గొంతు వినబడింది. "ప్రభూ! బిళ్ళకు తలంటు వచ్చింది. కళ్ళు కడిగే చెంబుకు అదనం!"

"నా బిళ్ళకే అదనమా? దాని మీదున్నది నా ముద్ర!"

మాచిరాజు తలుపుకు మరింత దగ్గరగా జరిగాడు. "సంతలో ఎల్లవ్వ బిళ్ళ మీదున్నదీ ఆ ముద్రే ప్రభూ. దాన్ని చాలదని, ఆమె గారెల మూకుడు పట్టుకుపోయింది మీ ఖజానా వాళ్ళే."

తన పనైపోయిందనుకుని మాచిరాజు మెడ తడుముకున్నాడు. అంతలో లోపలి నుంచి ఫక్కున నవ్వు!

"ఓరి గడుగ్గాయీ! చాటింపు రద్దు, మూకుడు వాపసు! నీకు నూరు వరహాలు! ముందు నీళ్ళు పోయించరా, చచ్చిపోతున్నాను!"

తిరునాళ్ళలో ఎల్లవ్వ పొయ్యి సాయంత్రం దాకా ఆరలేదు. అందరికంటే ముందు వరసలో నిలబడిన మనిషి కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. "అవ్వా, నాలుగు గారెలు పెట్టు" అని స్వయంగా నోటితో అడిగాడు.

పిల్లలూ, ఈ కథ మీ దగ్గరే ఉంచేసుకోకండి. మీ పక్క బల్ల మీది స్నేహితులకు మన తెలుగు మాటల్లోనే చెప్పండి. కుంకుడు రసమంటే ఏమిటని అడిగితే, అదీ ఓపిగ్గా చెప్పండి.