ఏసోబు చేతులు

నిత్యబోధ స్వామివారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న పట్టుకుని వస్తే, జవాబు చెప్పడానికి ముందు వాళ్ళకేదో ఒక పని అప్పగించేవారు. ఆత్మ అంటే ఏమిటని అడగవచ్చిన పెద్దమనిషి పప్పులో రాళ్ళు ఏరుతూ కనిపించేవాడు. కొందరు పనిలో పడి ప్రశ్న మరిచిపోయేవారు. కొందరు పని పేరు వినగానే ప్రశ్నతో సహా బస్సెక్కేవారు. ఏమైతేనేం, ఆశ్రమంలో పప్పు మాత్రం ఎప్పుడూ శుభ్రంగా ఉండేది.

అలా వచ్చేవాళ్ళలో వీరభద్రాచారి ఒకడు. ట్రాక్టర్ల మెకానిక్కు. కాలవ చివరి ఊళ్ళన్నిటికీ అతనే దిక్కు. జనం అతన్ని భద్రం అని పిలిచేవారు, పిలిచేటప్పుడు తామూ కాస్త భద్రంగానే ఉండేవారు. ఎందుకంటే అతని కోపం అలాంటిది. నట్టు మొరాయిస్తే స్పానరు వెళ్ళి గోడకు తగిలేది. కూరలో ఉప్పు తగ్గితే కంచం వెళ్ళి వాకిట్లో పడేది. భార్య కామేశ్వరి మీదా కూతురి మీదా ఏనాడూ చెయ్యి వెయ్యలేదని గొప్పగా చెప్పుకునేవాడు. అదైనా మెల్లగా చెప్పేవాడా అంటే, అదీ అరిచే చెప్పేవాడు. అటువంటివాడు కార్తీకమాసంలో ఒక సాయంత్రం ఇంటికొస్తూ, తన మోటారు సైకిలు చప్పుడు వినగానే కూతురు హేమ పుస్తకాలు పోగేసుకుని పెరట్లోకి పారిపోవడం కళ్ళారా చూశాడు. ఆ రాత్రి అతనికి అన్నం సయించలేదు. మర్నాడు స్వామివారి కాళ్ళ దగ్గర కూర్చుని, కోపం వదిలేస్తానని మాటిచ్చాడు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఆ కార్తీకం నుంచి అతని గొంతు పైకి లేచిన పాపాన పోలేదు.

మళ్ళీ కాలవలకు నీళ్ళు వదిలే రోజులు వచ్చాయి. ఒకనాటి పొద్దున్నే భద్రం బట్టల సంచీతో ఆశ్రమంలో దిగాడు. దణ్ణం పెట్టి, కూర్చోకుండానే అడిగాడు.

"స్వామీ, మనిషి మారినా ఇల్లెందుకు మారదు?"

 జవాబు కోసం ఆగకుండా తనే చెప్పుకొచ్చాడు. "నిన్న మా పిల్ల చేతిలోంచి పాలగ్లాసు జారిపడింది. నేను చూస్తానే ఉన్నా. పోన్లేమ్మా అందామని నోరు తెరిచానో లేదో, వాళ్ళమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి మా ఇద్దరి మధ్యా నిలబడి, 'నేనే పడేశానండీ' అంది. నా కళ్ళెదురుగానే అబద్ధం! కార్తీకం నించి ఒక్క మాట తూలలేదు కదా, ఇంకా నేనేం చెయ్యాలి? నేను గడప తొక్కితే చాలు, మాటలు ఆగిపోతాయి. ఆ ఇంట్లో నాకు పనేంటి స్వామీ? ఇక్కడే ఓ మూల పడుంటాను. కాదనకండి."

 కోపం ఉన్న రోజుల్లో ఎవరి మీద అలగాలో అతనికి బాగా తెలిసేది. ఇప్పుడు అదీ తెలియడం లేదు.

"ఉండే సంగతి సాయంత్రం చూద్దాం. ముందు మన ట్రాక్టరు స్టీరింగు చూడు నాయనా. ఎల్లుండి దమ్ము పెట్టుకున్నాం" అన్నారు స్వామివారు.

ఆ ట్రాక్టరు ముందు చక్రాలు కూడా ఇంజను బలంతో తిరిగే పెద్ద బండి. నాట్లకు ముందు పొలాన్ని నీళ్ళలో దున్ని దమ్ము చేసేటప్పుడు ఎంత బురదలోనైనా కూరుకుపోదు. ఎవరో భక్తుడు తను వాడగలిగినన్నాళ్ళూ వాడి, ఆ తర్వాత భక్తి కలిగి ఆశ్రమానికి ఇచ్చాడు. వచ్చిననాటి నుంచీ దాన్ని తోలుతున్నది ఏసోబు. మనిషి నెమ్మదస్తుడు. ఆశ్రమం అన్నదానానికి బియ్యం పండించే పొలమంతా ఆ ఇద్దరి మీదే, అంటే ఏసోబు మీదా ట్రాక్టరు మీదా, నడుస్తోంది.

భద్రం ముందు ఇరుసుకు జాకీ పెట్టి లేపి, కింద మొద్దులు దోపాడు. చక్రం పట్టుకుని ఊపితే లోపల టకటకమంది. రెండు చక్రాలనూ కలిపే టై రాడ్డు చివర గుండ్లు అరిగిపోయి గూళ్ళలో ఆడుతున్నాయి. చక్రం పక్కకు మళ్ళే చోట బేరింగులు పొడైపోయాయి, అందులోనూ ఎడమ వైపువి మరీ. స్టీరింగు సిలిండరు సీళ్ళు పోయి ఆయిలు కారుతోంది. స్టీరింగు పావు చుట్టు తిప్పితే గాని చక్రానికి కబురు అందడం లేదు.

"ఈ బండిని కాలవ గట్టు మీద ఎట్టా తోలావయ్యా?" అన్నాడు భద్రం.

"అలవాటండీ" అన్నాడు ఏసోబు, అదేదో పెద్ద సంగతి కానట్టు.

భద్రం తన షెడ్డు నుంచి సామాను తెచ్చుకున్నాడు. అరిగినవన్నీ తీసేసి కొత్తవి బిగించాడు. రెండు చక్రాల మధ్యా తాడు పట్టి కొలిచి వాటి చూపు సరిచేశాడు. ఆయిలు పోసి, ఇంజను స్టార్టు చేసి, లోపలి గాలంతా పోయేదాకా స్టీరింగును ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పాడు. చిటికెన వేలితో తిప్పితే తిరుగుతోంది. పనిలో పడ్డాక అతని మొహంలో పొద్దున్నటి దిగులు కాసేపు కనిపించలేదు. మంచి పనివాడికి దేవుడు ఆ మాత్రం సెలవు ఇస్తాడు.

భోజనాలయ్యాక ఏసోబు బండెక్కాడు. ఆశ్రమం గేటు దాటితే కాలవ గట్టే. ఎడమ పక్క కాలవ నిండుగా పారుతోంది. కుడి పక్క పొలాలకు నీళ్ళు తీసుకుపోయే చిన్న బోదె. గట్టెక్కీ ఎక్కగానే ట్రాక్టరు కుడికి దూకింది. ఏసోబు కంగారుపడి ఎడమకు తిప్పాడు. అది కాలవ వైపు దూకింది. మళ్ళీ కుడికి లాగాడు. ఈసారి కుడి ముందు చక్రం తిన్నగా వెళ్ళి బోదెలో కూర్చుంది.

భద్రం పరిగెత్తుకెళ్ళి ఏసోబును దింపి, తనే ఎక్కి బండిని వెనక్కి లాగాడు. గట్టు మీద తూము దాకా గీత గీసినట్టు తోలుకెళ్ళి, తిప్పి తీసుకొచ్చాడు. ఇంజను ఆపి దిగాడు. అప్పటికి స్వామివారు కూడా నడుచుకుంటూ వచ్చి గట్టు మీద నిలబడ్డారు.

"ఏమైంది దీనికి? శుభ్రంగా ఉంది కదా!" అన్నాడు భద్రం.

"మీరేదో చేశారు ఆచారి గారూ. ఇది నా మాట వినటల్లేదు" అన్నాడు ఏసోబు. పాపం, అతని మొహం చిన్నబోయింది. "ఆ పాత లూజు ఎప్పటట్టే పెట్టెయ్యండి. ఎల్లుండి దమ్ముంది, నాకు పనైపోవాల."

పొద్దుటి నుంచి చెమటోడ్చి చేసిన పని. దాన్ని ఊడగొట్టి, అరిగిన ముక్కలు మళ్ళీ పెట్టమంటున్నాడు. కార్తీకం నుంచి అణిగి ఉన్నది ఒక్కసారిగా భద్రం గొంతు దాకా వచ్చింది. నోరు మెదపలేదు గాని, చేతిలో స్పానరు బిగుసుకుంది. ఏసోబు ఆ స్పానరు వంక చూశాడు. ఒక్కడుగు వెనక్కి వేసి పెద్ద టైరు చాటుకు జరిగాడు.

"తప్పు నాదేలెండి ఆచారి గారూ. నేనే సరిగ్గా పట్టుకోలేదు" అన్నాడు.

భద్రం ఉలిక్కిపడ్డాడు. ఆ మాట అతను నిన్ననే విన్నాడు, ఇంకో గొంతులో. నిన్న అబద్ధం అనిపించిన మాట ఈవేళ భయంగా వినిపించింది. కామేశ్వరి వంటింట్లోంచి ఎంత వేగంగా పరిగెత్తుకొచ్చిందో, కొంగు తలుపు గొళ్ళానికి తగులుకున్నా ఆగకుండా ఎలా వచ్చిందో గుర్తొచ్చింది. స్పానరును మెల్లగా కింద పెట్టాడు.

"భయపడమాక ఏసోబూ. ఎక్కి కూర్చో. ఇంజను వద్దులే, ఊరికే స్టీరింగు పట్టుకో" అన్నాడు.

ఏసోబు అనుమానంగానే ఎక్కి పట్టుకున్నాడు. బండి కదలడం లేదు. అయినా అతని కుడి చెయ్యి స్టీరింగును తన వైపు కొంచెం కొంచెంగా గుంజుతూనే ఉంది.

"ఆ చేత్తో ఎందుకు గుంజుతున్నావు?"

"గుంజుతున్నానా?" ఏసోబు తన చేతిని తనే వింతగా చూసుకున్నాడు. కాసేపటికి నవ్వాడు. "ఇది ఎప్పుడూ ఎడం వైపుకి లాగేదండీ, కాలవలోకి. ఎప్పుడు లాగుద్దో తెలవదు. అది లాగకముందే నేను కుడికి పట్టుకు కూర్చునేవాణ్ణి. అట్టా పట్టుకోబట్టే ఇన్నాళ్ళూ కాలవలో పడకుండా వచ్చాను. ఇప్పుడది లాగటం మానేసినా, చేతికి తెలవద్దా మరి?"

స్వామివారు అప్పుడు అడిగారు. "ఏం భద్రం, ఏమంటావు? తప్పు చేతిదేనా?"

"కాదు స్వామీ. చెయ్యి అట్టా నేర్చుకుంది. నేర్పింది బండే."

"మరి ఇప్పుడు బండి బాగైందని చేతికి నచ్చజెప్పేదెవరు?"

"చెబితే వినేది కాదండీ ఇది" అన్నాడు భద్రం. పనిలోని సంగతి కనుక తడుముకోకుండా చెప్పాడు. "బండి రోజూ ఇట్టా తిన్నగా నడవాల, అంతే. నడవగా నడవగా ఏదో ఒకనాటికి చెయ్యి దానంతటదే..."

అంతవరకూ చెప్పి ఆగిపోయాడు. తను చెబుతున్నది ఎవరి గురించో అప్పటికి గాని అతనికి తట్టలేదు.  

తర్వాత భద్రం తనే మడ్‌గార్డు మీదికెక్కి ఏసోబు పక్కన కూర్చున్నాడు. "నడుపు. బోదెలోకి పోతే పోనియ్యి, నేనేమీ అనను" అన్నాడు. ట్రాక్టరు గట్టు మీద తూము దాకా వెళ్ళి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. ఒకసారి బోదె అంచు దాకా పోయి ఆగింది. ఏసోబు చప్పున తలతిప్పి భద్రం మొహం చూశాడు. అక్కడ అతను భయపడినదేమీ కనిపించలేదు. ఎండ తగ్గేసరికి బండి చాలావరకు తిన్నగానే వస్తోంది. తూము దగ్గర మాత్రం, కాలవ బాగా లోతుగా ఉండే చోట, అతని కుడి చెయ్యి ఇంకా గుంజుతూనే ఉంది.

భద్రం చేతులు కడుక్కుని వచ్చి, సంచీ భుజాన వేసుకున్నాడు. ఆశ్రమంలో ఉండిపోయే సంగతి అతనూ ఎత్తలేదు, స్వామివారూ ఎత్తలేదు.

"ఇంటికెళ్ళొస్తాను స్వామీ" అని దణ్ణం పెట్టాడు. నాలుగడుగులు వేసి, ఉండబట్టలేక వెనక్కి తిరిగాడు. "వాళ్ళకి నా మీద నమ్మకం ఎప్పటికి కుదురుద్దంటారు?"

స్వామివారు షెడ్డులో నిలబెట్టిన ట్రాక్టరు వైపు చూశారు.

"మధ్యాహ్నం నుంచి అది బాగానే ఉంది కదా. ఏసోబు తనని ఇంకా నమ్మడం లేదని నీతో ఏమైనా చెప్పుకుందా?"