బావా, బావమరిదీ, ఒక రబ్బరు చేపా

అనగనగా ఒక సముద్రం. అడవి ఏదీ అని అడక్కండి. అడవి కథలు చెప్పి చెప్పి నాకూ విసుగొచ్చింది, అక్కడి నక్కలకీ విసుగొచ్చింది. ఇవాళ్టి కథ కోసం కిందికి దిగాలి. గట్టిగా ఊపిరి బిగబట్టండి. బిగబట్టారా? ఒడ్డు కనబడనంత దూరం వెళ్ళి, ఎండ పలచబడిపోయేంత లోతుకి దిగితే, అక్కడ ఒక రాతి గుట్ట ఉంది. ఇక ఊపిరి వదలొచ్చు, వచ్చేశాం.

ఆ గుట్ట చుట్టూ ఎర్రచేపల గుంపు ఒకటి కాపురముండేది. ఒంటికి తగ్గట్టు వాటి పేర్లు కూడా ఎర్రవే. ఒకడు కెంపన్న. వాడి పెళ్ళాం దానిమ్మ. దానిమ్మ తమ్ముడు మిరప్పండు. సముద్రం అడుగున దానిమ్మకాయని ఎవరు చూశారు అంటారేమో, పేరు పెట్టినవాళ్ళని అడగండి, నన్నెందుకు అడుగుతారు?

కెంపన్నకీ మిరప్పండుకీ అన్నిటికీ పోటీయే. ఒకడు ఆవలిస్తే రెండోవాడు ఇంకా పెద్దగా ఆవలించేవాడు. ఒకడు గుట్ట చుట్టూ ఒక చుట్టు తిరిగితే రెండోవాడు రెండు చుట్లు తిరిగి, కళ్ళు తిరిగి, రాయికి గుద్దుకునేవాడు. అన్నిటికంటే పెద్ద పోటీ తొలి కాటు. పైనుంచి ఏ తిండి జారి పడినా, మొదట ఎవరు నోరు పెడితే వాళ్ళదే ఆ రోజు గొప్ప. పొట్ట నిండిందా లేదా అన్నది తర్వాతి సంగతి.

"నిన్నటి తొలి కాటు నాది బావా!" అనేవాడు మిరప్పండు.

"నీది కాటు కాదురా, నాకుడు. కాటు నాది!" అనేవాడు కెంపన్న.

"మీ ఇద్దరి నోళ్ళూ కుట్టేస్తే గుట్టకి పట్టిన పీడ వదులుతుంది," అనేది దానిమ్మ. అంటుందే గాని, మొగుడన్నా తమ్ముడన్నా దానికి ప్రాణం. వాళ్ళిద్దరిలో ఏ ఒక్కరు కాసేపు కనబడకపోయినా గుట్టంతా గాలించేసేది.

ఒకరోజు పైనుంచి తెల్లటి చేప ఒకటి దిగింది. దిగడమంటే మామూలుగా కాదు. ఒక గెంతు, ఇంకో గెంతు, తర్వాత ఒళ్ళు వదిలేసి మెల్లగా జారుడు. మళ్ళీ గెంతు, గెంతు, జారుడు. తోకేమో తిప్పుతూనే ఉంది. చూస్తున్న పిల్లచేపలకి నవ్వాగలేదు. అవి కూడా గెంతు, గెంతు, జారుడు అంటూ ఆడేశాయి.

"నేను ముందు చూశాను!" అన్నాడు కెంపన్న.

"నేను నీకంటే ముందు చూశాను, చెప్పడం ఆలస్యమైంది అంతే!" అన్నాడు మిరప్పండు.

వాళ్ళు అలా కొట్లాడుకుంటుండగా బండ కిందినుంచి డెక్కలవ్వ బయటికొచ్చింది. డెక్కలవ్వ అంటే ఆ గుట్టమీద ముసలి పీత. దేన్నయినా గిల్లి చూడందే నమ్మదు. పండగనాడు పలకరించడానికి వెళ్ళినవాళ్ళని కూడా ముందు గిల్లి, తర్వాత కూర్చోమనేది. ఆ అవ్వ తెల్లచేప దగ్గరకెళ్ళి కసుక్కున గిల్లింది.

తెల్లచేప కయ్యిమనలేదు. కుయ్యిమనలేదు. నెత్తురు రాలేదు. పారిపోలేదు. గెంతు, గెంతు, జారుడు.

"ఇది చేప కాదర్రా," అంది అవ్వ. "ఇది రబ్బరు. తలలో సీసం ముద్ద, వీపు మీద ఇనప ముల్లు, మూతికి దారం. గిల్లితే ఏడవని చేప ఎక్కడైనా ఉంటుందా? దీన్ని తింటే పైకి పోతారు. పైకి పోయినవాళ్ళు కిందికి రారు."

కెంపన్న దగ్గరికెళ్ళి చూశాడు. మిరప్పండు ఇంకా దగ్గరికెళ్ళి చూశాడు. ఇద్దరికీ ముల్లు కనబడింది. అందులో సందేహం ఏమీ లేదు. పిల్లలూ, ఈ మాట బాగా గుర్తుపెట్టుకోండి: అది రబ్బరని ఇద్దరికీ తెలుసు.

"నేను తినను," అన్నాడు కెంపన్న.

"నేను అసలు తినను," అన్నాడు మిరప్పండు. తినకపోవడంలో కూడా పోటీయే!

దానిమ్మ ఇద్దరిచేతా ఒట్టు వేయించుకుని హాయిగా నిద్రపోయింది.

మర్నాడు గులాబీ రంగు చేప దిగింది. ఇది రొయ్యల వాసన కూడా వేస్తోంది. గెంతు, గెంతు, జారుడు. కెంపన్న దాన్ని చూడలేదు. మిరప్పండుని చూశాడు. మిరప్పండు కూడా దాన్ని చూడలేదు. కెంపన్నని చూశాడు.

"ఏరా, అలా చూస్తున్నావేం? తిందామనా?" అన్నాడు కెంపన్న.

"ఛ! రబ్బరు ఎవడు తింటాడు? నువ్వు తింటావేమోనని చూస్తున్నాను."

"నేనా? నాకేం ఖర్మ!"

"మరి ఒక రెక్క ముందుకు జరిగావెందుకు?"

"నువ్వు జరిగావని జరిగాను."

అలా ఒకడు జరిగాడని ఇంకొకడు, ఇంకొకడు జరిగాడని ఒకడు జరిగి జరిగి, ఇద్దరి మూతులూ ఆ గులాబీ తోకకి ఇటొకటీ అటొకటీ వచ్చేశాయి. అంతలో దానిమ్మ వచ్చి ఇద్దరి తోకల మీదా చెరొకటి అంటించింది. గులాబీ చేప పైకి వెళ్ళిపోయింది. ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు. వీడు తినను తినను అని అంత గట్టిగా అన్నాడంటే అందులో ఏదో రుచి ఉండే ఉంటుంది అని కెంపన్న అనుకున్నాడు. మిరప్పండు కూడా అదే అనుకున్నాడు. చూశారా, తెలివిలో కూడా ఇద్దరూ సరిసమానం!

తెల్లారింది. ఇక పైన ఏం జరుగుతోందో ఒకసారి చూసొద్దాం. పైన ఒక ఇంజను పడవ ఉంది. అందులో గాలపు కర్ర పట్టుకుని నూకరాజు, వాడి పక్కన అప్పలసామి కూర్చున్నారు.

"ఏటి మావా, రబ్బరు ముక్క సూసి మోసపోడానికి సేపకి బుర్ర నేదేటి?" అన్నాడు అప్పలసామి.

"బుర్ర ఉందిరా. అందుకే ఒంటిగున్న సేప దీన్ని ముట్టదు," అన్నాడు నూకరాజు. "గుంపులో ఎయ్యాల. పక్కది తినేస్తాదేమోనని ఒకటి నోరు తెరుస్తాది. నాను ఎర ఎయ్యట్లేదు. ఆటి పోటీయే నాకు ఎర."

అని ఆకుపచ్చ చేపని తగిలించి, దారం వదిలి, అది అడుగుకి చేరేదాకా ఆగి, కర్రని రెండుసార్లు పైకి లేపి దించాడు. మనం మళ్ళీ కిందికి పోదాం పదండి.

ఆకుపచ్చ చేప దిగింది. ఒంటినిండా తళుకులు. గెంతు. గుంపంతా తిరిగి చూసింది. గెంతు. కెంపన్న మిరప్పండు వైపు చూశాడు. జారుడు. మిరప్పండు రెప్ప వేశాడో లేదో, చేపలకి రెప్పలుండవు కాబట్టి వేయలేదనే అనుకుందాం, ఏదో కదిలినట్టయింది. అంతే! ఇద్దరూ ఒక్కసారే దూకారు. తల వైపునుంచి కెంపన్న, తోక వైపునుంచి మిరప్పండు, లటుక్కున పట్టేశారు.

"తొలి కాటు!" అని అరుద్దామనుకున్నాడు కెంపన్న. అరుపు రాలేదు. ముల్లు వచ్చింది. పెదవిలోంచి ఇటు గుచ్చుకుని అటు తేలింది.

దారం జర్రున బిగిసింది. కెంపన్న పైకి లేచాడు. రబ్బరు తోక పళ్ళ మధ్య ఇరికించుకుని మిరప్పండు కూడా వాడితోపాటు లేచాడు.

"అయ్యో! అయ్యయ్యో!" అంటూ దానిమ్మ వెనకే ఈదింది. "ఒరేయ్ తమ్ముడూ, వదలరా!"

"ఊఁహూఁ," అన్నాడు మిరప్పండు బిగబట్టిన పళ్ళలోంచి.

"నీకు ముల్లు గుచ్చుకోలేదు కదరా! నోరు తెరిస్తే చాలు!"

"ఊఁహూఁ!" వదిలేస్తే తొలి కాటు బావదైపోతుందిగా మరి. వాడి బాధ వాడిది.

పైకి పోతున్నకొద్దీ నీళ్ళు తేలికయ్యాయి, వెలుతురు పెరిగింది, ఇద్దరి పొట్టలూ ఉబ్బసాగాయి. కింద గుట్ట చిన్న రాయంతయింది. దానిమ్మకి ఏడుపొచ్చేసింది. ఒక్క రబ్బరు ముక్కకి మొగుడూ తమ్ముడూ ఇద్దరూ పోతున్నారు. ఎవరిని పట్టుకుని లాగాలో కూడా దానికి తెలియలేదు.

అప్పుడు కెంపన్న కూడబలుక్కుని మాట్లాడాడు. ముల్లు కదిలి నొప్పి పుడుతున్నా మాట్లాడాడు.

"ఒరేయ్ మిరప్పండూ. నువ్వే గెలిచావురా. తొలి కాటు నీదే. ఇప్పుడైనా వదిలి కిందికి పో. మీ అక్కని ఒంటరిదాన్ని చేయకు."

ఆ మాట కోసం మిరప్పండు పుట్టిననాటినుంచీ ఎదురు చూశాడు. బావ నోటితో 'నువ్వే గెలిచావు' అనిపించుకోవాలని ఎన్నిసార్లు రాళ్ళకి గుద్దుకున్నాడో! తీరా ఆ మాట వచ్చాక వాడికి ఆనందం రాలేదు. బావ పోతే ఇక ఎవరితో గెలవాలి? ఎవరితో ఓడాలి? ఎవరితో కొట్లాడాలి?

మిరప్పండు నోరు తెరిచాడు. తోక జారిపోయింది.

కిందికి పొమ్మంటే వాడు పైకి దూసుకెళ్ళాడు. బావ మూతి దాటి, సీసం ముద్ద దాటి, దారాన్ని పళ్ళ మధ్య పట్టాడు. ఎర్రచేప పళ్ళంటే ఏమనుకున్నారు? నత్తగుల్లల్ని పటపట నమిలేస్తాయి. ఈసారి కాటులో ముందూ వెనకా లేదు. అటునుంచి దానిమ్మ కూడా వచ్చి కొరికింది. కొరికారు, కొరికారు. టప్!

పైన నూకరాజు వెనక్కి వెల్లకిలా పడ్డాడు. అప్పలసామి ఒళ్ళో పడ్డాడు. అప్పలసామి చేతిలో చద్దన్నం గిన్నె ఉంది. మిగతాది మీరే ఊహించుకోండి.

ముగ్గురూ గుట్టకి చేరారు. పొట్టలు సర్దుకున్నాయి. దానిమ్మ ముందు ఇద్దరినీ ముద్దాడింది, తర్వాత ఇద్దరినీ తిట్టింది, ఊపిరి తీసుకుని మళ్ళీ ముద్దాడింది. కెంపన్న పెదవికి మాత్రం ముల్లూ, దానికి ఆకుపచ్చ రబ్బరూ వేలాడుతూనే ఉన్నాయి. వాడు తల తిప్పితే అది తోక తిప్పేది. వాడు తింటే అది అడ్డొచ్చేది. డెక్కలవ్వ ఎంత గిల్లినా ఊడలేదు. మిరప్పండే నెత్తళ్ళలాంటి చిన్న చేపలు పట్టి తెచ్చి, బావ నోట్లో పక్కనుంచి పెట్టేవాడు.

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నారా? లేవకండి, కూర్చోండి.

గుంపులో మిగతా చేపలు కెంపన్న మూతి చూశాయి. తళతళలాడే ఆకుపచ్చ తోక. అబ్బ!

"కెంపన్నకి భలే తిండి దొరికింది. దాచుకుని దాచుకుని తింటున్నాడు," అంది ఒక చేప.

"ఇది తిండి కాదు. ముల్లు! ప్రాణం మీదికొచ్చింది. మీరు తినకండి!" అన్నాడు కెంపన్న.

"తను తిని, మనల్ని వద్దంటున్నాడు చూశావా!" అంది ఇంకో చేప.

"వద్దు వద్దు, నిజంగా వద్దు!" అని మిరప్పండు గుట్ట చుట్టూ తిరిగి అరిచాడు.

"ఇద్దరూ కలిసి దాచేస్తున్నారు!" అంది గుంపంతా.

ఎంత అరిస్తే అంత ఆశ పుట్టింది. అంతలో పైనుంచి పసుపుపచ్చ చేప దిగనే దిగింది. గెంతు. గుంపంతా దూకడానికి రెక్కలు సర్దుకుంది. పిల్లచేపలు కూడా నోళ్ళు తెరిచాయి. గెంతు. కెంపన్నకి పై ప్రాణాలు పైనే పోయాయి. వాటికి అడ్డం పడాలని ముందుకు కదలబోయాడు.

దానిమ్మ వాడిని ఆపింది. "ముందుకు పోకు! నువ్వు పోతే దానికోసమే పోతున్నావనుకుంటారు. ఇద్దరూ వెనక్కి తిరగండి."

బావా బావమరిదీ వెనక్కి తిరిగారు. రబ్బరు చేపకి తోకలు చూపించి, తాపీగా ఈదుకుంటూ బండ పక్కకి వెళ్ళారు. కెంపన్న ఆవలించాడు. మిరప్పండు ఆవలించాడు, బావ కంటే చిన్నగానే ఆవలించాడు.

గుంపు ఆగింది. ఒక చేప పక్కచేపని చూసింది. పక్కచేప దాని పక్కదాన్ని చూసింది.

"వాళ్ళిద్దరికే అక్కర్లేదా?"

"లేదనుకుంటా."

"మరి నీకు కావాలా?"

"నాకా? నీకు కావాలంటేనే..."

"నాకేం వద్దు."

"అయితే నాకూ వద్దు."

ఒక్కొక్కటీ నోరు మూసుకుని తన దారిన వెళ్ళిపోయింది. పసుపుపచ్చ చేప ఒంటరిగా మిగిలింది. గెంతింది. మళ్ళీ గెంతింది. మెల్లగా జారింది. దాన్ని చూసి ఆ గుట్ట మీద ఏ ఒక్కరికీ ఆకలి వేయలేదు.

నీతి: పక్కవాడికి దక్కుతుందేమో అన్న కంగారే చాలాసార్లు మన ఆకలి. నోరు తెరిచే ముందు, ఇది నాకు నిజంగా కావాలా అని ఒక్కసారి ఆగి మనల్ని మనం అడగాలి.