బిళ్ళ లేని నిజం

కెంచమ్మకు అన్యాయం జరిగింది విరోధి నామ సంవత్సరం శ్రావణ బహుళ విదియ, గురువారం నాడు. ఊరు పెద్దేటి ఒడ్డున ఉన్న పైడిమడుగు. అదొక రాజ్యంగా, దానికొక రాజు ఉండి వెలిగిన రోజుల సంగతి. అన్యాయాలకు తిథివారాలు రాసిపెట్టే అలవాటు రాజులకు ఉండదు గనుక, కథ చెప్పేవాళ్ళే ముందుగా చెప్పుకోవాలి.

కెంచమ్మ, ఆమె పెనిమిటి దుర్గప్ప ఏటి అవతల నుంచి వచ్చిన రాళ్ళు చెక్కేవాళ్ళు. పోయిన ఏడు అవతల కరువు వచ్చింది. తిండి వెతుక్కుంటూ జనం ఇటు బయల్దేరేసరికి పైడిమడుగు వాళ్ళు తూర్పు ద్వారం మూసేశారు. ఆ ద్వారం దగ్గరే సుంకం చావడి ఉంది. అక్కడ నిలబడి, అడిగినవన్నీ చెప్పి, మెడలో రాగిబిళ్ళ వేయించుకుంటేనే బయటివాళ్ళు ఊళ్ళోకి రావాలి. తలుపే మూస్తే బిళ్ళ ఎవరు వేస్తారు? ఏరు దాదాపు ఎండిపోయి ఉంది. పడమటి రేవు దగ్గర మోకాలి లోతు నీళ్ళున్నాయి. జనం అటు నుంచి దాటారు. దాటినవాళ్ళ చేత రాజుగారు కోటగోడ కట్టించుకున్నారు. గోడ పూర్తయ్యేదాకా ఎవరి మెడలో ఏముందో ఎవరూ చూడలేదు. చివరి రాయి కూర్చోగానే బిళ్ళలు గుర్తుకొచ్చాయి.

ఆ గురువారం తప్పెట కొట్టి చాటింపు వేశారు. మంత్రి తిరువేంగళయ్య స్వహస్తాలతో రాసిన శాసనం అది. బిళ్ళ లేనివాళ్ళంతా బహుళ ఏకాదశి నాటికి పడవలెక్కి ఏరు దాటిపోవాలి. ఈ గడ్డ మీద పుట్టినవాళ్ళకు బిళ్ళ అక్కర్లేదు, పుట్టినట్టు మంత్రసాని సాక్ష్యం చెబితే చాలు. మూడోది, బిళ్ళ లేని మనిషి మాట సభలో చెల్లదు. ఇకమీదట చెప్పేదే కాదు, ఇదివరకు చెప్పిందీ చెల్లదు.

ఈ మూడో ముక్క ఎందుకు పెట్టాడో ఊరందరికీ తెలుసు. నాలుగేళ్ళ కిందట మంత్రిగారి మామిడితోట గట్టు జరిగిందని తగవు వచ్చింది. బిళ్ళ లేని పడవవాడొకడు ఉన్నది ఉన్నట్టు సాక్ష్యం చెబితే మంత్రి ఓడిపోయాడు. ఆ గట్టు మళ్ళీ జరపడానికి రాజ్యం మొత్తానికి శాసనం కావలసి వచ్చింది.

చాటింపు వేసిన పూటే బంట్లు వచ్చి కెంచమ్మ గుడిసె కూల్చారు. ఆమెకు తొమ్మిదో నెల. ఏట్లో ఇప్పుడు వరద. దుంగలు కొట్టుకొస్తున్నాయి. కాన్పయ్యేదాకా ఆగమని ఆమె చావడి అధికారి కాళ్ళ దగ్గర కూర్చుని అడిగింది. నీ మాట చెల్లదు, నువ్వు అడిగినట్టే లెక్క కాదు పొమ్మన్నాడతను.

మంత్రసాని పుల్లక్కకు ఈ సంగతి తెలిసేసరికి పొద్దు వాలింది. పుల్లక్కకు అరవై అయిదేళ్ళు. నోరు పదును, చెయ్యి మెత్తన. పైడిమడుగులో గుడిసెలో పుట్టినా మేడలో పుట్టినా ముందు ఆమె చేతిలో పడాల్సిందే. కెంచమ్మను తన ఇంటికి తెచ్చి పడుకోబెట్టి, కడుపు తడిమి చూసింది. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. ఆ బిడ్డను సరిచేసి ఈ లోకంలోకి తేవడానికి రోజులు కావాలి, నేల కావాలి. వరదలో ఊగే పడవ మీద అయ్యే పని కాదు. పడవెక్కితే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరని పుల్లక్కకు చేతులతోనే తెలిసిపోయింది.

మర్నాడు బజారులో కోనంశెట్టి పట్టుగుడ్డల అంగడి ముందు ఇదే మాట. కోనంశెట్టీ బయటివాడే. మెడలో బిళ్ళను రోజూ చింతపండుతో తోమించుకుంటాడు.

"నేను మూడు నెలలు చావడి ముందు ఎండలో నిలబడి తెచ్చుకున్నా పుల్లక్కా. అడ్డదారిన వచ్చినవాళ్ళూ నేనూ ఒకటెట్లా అవుతాం?" అన్నాడు.

"నువ్వు నిలబడ్డప్పుడు తలుపు తీసుంది శెట్టీ. తీసిన తలుపు ముందు నిలబడితే దాన్ని ఓర్పు అంటారు. మూసిన తలుపు ముందు ఆకలి పిల్లల్ని పెట్టుకుని నిలబడితే శవాల్ని లెక్కపెట్టుకోవాలి. వాళ్ళు నీకంటే ఓర్పు తక్కువవాళ్ళు కాదు, నీకంటే ఆలస్యంగా వచ్చినవాళ్ళు."

శెట్టి గుడ్డలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. పక్కనున్నవాళ్ళు మాత్రం ఊరుకోలేదు. బావిలో నీళ్ళు తగ్గినా, కోడి పోయినా, అల్లుడు అలిగినా రేవు దాటినవాళ్ళ వల్లేనన్నారు. ఆ అన్నవాళ్ళ పునాదిరాళ్ళు ఎవరు చెక్కారో పుల్లక్క ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడుగుతూ పోయింది. అంగడి ముందు తొందరగానే ఖాళీ అయింది.

అక్కడి నుంచి ఆమె మంత్రి ఇంటికి వెళ్ళింది. నెలరోజులు గడువివ్వమంది. మంత్రి తాంబూలం నములుతూ, శాసనం శాసనమే అన్నాడు. పైగా, గడువిస్తే బిడ్డ ఈ గడ్డ మీద పుడుతుంది, రేపు అది కూడా మంత్రసాని సాక్ష్యం పట్టుకొచ్చి ఇక్కడిదాన్నే అంటుంది, అదీ నీ తంత్రమని ఎత్తిపొడిచాడు. పుల్లక్క ఆ మాట విని ఒక్క క్షణం ఆగింది. తరువాత దణ్ణం పెట్టి, మారుమాట లేకుండా మెట్లు దిగింది. పుల్లక్క మారుమాట లేకుండా వెళ్ళడం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. మంత్రి గెలిచాననుకుని ఇంకో తాంబూలం చుట్టించుకున్నాడు.

దశమి శుక్రవారం వచ్చింది. తెల్లారితే పడవలు. అదే రోజు రాజు వీరమల్లరాజుగారి నలభయ్యో పుట్టినరోజు కూడా. ఆయనకు పద్దెనిమిది బిరుదులు. పద్దెనిమిదీ చదివితే గాని సింహాసనం మీద కూర్చోడు. ఈ శాసనంతో పంతొమ్మిదోది తగిలింది, స్వదేశరక్షకుడని. బిరుదులు చదివేవాడికి ఊపిరందక మధ్యలో మజ్జిగ తాగాల్సి వచ్చింది. పక్కనే తమ్ముడు సోమరాజు కూర్చున్నాడు. సవతి తల్లి కొడుకు. అన్నకంటే అరఘడియే చిన్నవాడు, ఆ అరఘడియ మీదే సింహాసనం పోగొట్టుకున్నాడు. ఆస్థాన జ్యోతిష్కుడు నరహరి యాజులు ఏటేటా చదివినట్టే జాతకం విప్పబోయాడు.

అప్పుడు పుల్లక్క మూట చంకన పెట్టుకుని సభలోకి వచ్చింది.

రాజుకు ఆమె అంటే చనువే. మూటెందుకు అవ్వా అని అడిగాడు.

"పడవెక్కడానికి, దొరా. నాకు బిళ్ళ లేదు."

సభ గుసగుసలాడింది. పుల్లక్క తన సంగతి దాచలేదు. ఖర నామ సంవత్సరం కరువులో, తనకు ఏడేళ్ళప్పుడు, తల్లి కొంగు పట్టుకుని పడమటి రేవు దాటి వచ్చింది. ఆ ఏడూ తూర్పు ద్వారం ఇలాగే మూశారు. తల్లీ మంత్రసానే. వచ్చిన వారానికే ఊళ్ళో కాన్పు చేయాల్సి వచ్చింది. నొప్పులు పడుతున్న ఇంట్లో ఎవరూ మంత్రసాని మెడ చూడరు కాబట్టి యాభై ఎనిమిదేళ్ళు గడిచిపోయాయి.

రాజు నవ్వి చెయ్యి ఊపాడు. నీకు శాసనం వర్తించదు, వెళ్ళి భోజనం చెయ్యమన్నాడు.

"అట్లా వద్దు దొరా. కెంచమ్మకు వర్తించింది నాకూ వర్తించాలి. కాకపోతే పోయేముందు నేను చేసిన తప్పులు సరిదిద్దుకుని పోతా. నా మాట మీద ఈ ఊళ్ళో నిలబడి ఉన్నవన్నీ కొట్టేయించాలి కదా. ఇదివరకు చెప్పిందీ చెల్లదని మంత్రిగారు రాశారు."

మంత్రి తల ఊపాడు. ఆయనకు మామిడితోట గట్టే కనిపిస్తోంది.

"ఈ సభలో తలపాగాలు పెట్టుకున్నవాళ్ళలో ముప్పాతిక మందికి, ఇక్కడే పుట్టారని చెప్పగల మంత్రసాని నేనొక్కదాన్నే. నా మాట పోతే వాళ్ళకు బిళ్ళా లేదు, సాక్ష్యమూ లేదు. పడవలు ఎన్ని కట్టించారో కనుక్కోండి, చాలవేమో." ఆమె మంత్రి వైపు తిరిగింది. "మీరు కాళ్ళు ముందు వచ్చారు తిరువేంగళయ్యగారూ. మీ అమ్మ రెండు రోజులు పడింది. వరదలో మీకూ జాగ్రత్త."

వెనక వరసలో ఎవరో దగ్గినట్టు నవ్వారు. మంత్రి ఇది అధికప్రసంగమన్నాడు. పుల్లక్క అతన్ని వదిలేసి జ్యోతిష్కుడి ముందు నిలబడింది. రాజుగారు పుట్టిన ఘడియ తమరికెట్లా తెలిసిందని అడిగింది.

ముసలి యాజులుకు దాపరికం తెలియదు. అందరికీ తెలిసిన ఆచారమే కదా అని మొదలుపెట్టాడు. సౌమ్య నామ సంవత్సరం, ఇదే దశమి, పొద్దు పొడిచే వేళ. పెద్దరాణికీ చిన్నరాణికీ ఒకేసారి నొప్పులొచ్చాయి. పురిటిల్లు ఒకటే, లోపల రెండు మంచాలు, గుమ్మానికి తెర. మగవాళ్ళు లోపలికి పోకూడదు. బిడ్డ నేల మీద పడగానే మంత్రసాని తెర కింద నుంచి నిమ్మకాయ దొర్లిస్తుంది. బయట కూర్చున్న తాను అది చూసి ఘడియ రాసుకున్నాడు. అరఘడియకు రెండో నిమ్మకాయ వచ్చింది.

"మొదటిది ఎవరి బిడ్డకని ఎట్లా తెలిసింది యాజులుగారూ?" అని అడిగాడు సోమరాజు. అంతవరకు ఆయన గోళ్ళు చూసుకుంటూ కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు నిటారుగా కూర్చున్నాడు.

"పుల్లక్క కేకేసి చెప్పింది. పెద్దరాణి బిడ్డ అని."

యాజులు చెబుతుండగానే అతనికీ అర్థమైంది. జాతకం చుట్ట చేతిలోంచి జారి నేల మీద దొర్లింది. ఎవరూ తీయలేదు.

రాణులు ఉన్నారు కదా, వాళ్ళను అడుగుదామన్నాడు మంత్రి. తల్లుల మాట తగవులో సాక్ష్యం కాదని పోయినేడు తీర్పు రాసింది తమరేనని సోమరాజు మర్యాదగా గుర్తుచేశాడు.

రాజు మొహాన చెమట పట్టింది. పంతొమ్మిది బిరుదుల్లో ఒక్కటీ అక్కరకు రాలేదు. కిందికి వంగి, "అవ్వా, నువ్వు చెప్పింది నిజమే కదా?" అన్నాడు. గొంతు చిన్నపిల్లాడిలా ఉంది.

"నిజమే నాయనా. కానీ బిళ్ళ లేని నిజం. నీ శాసనంలో దానికి చోటు లేదు."

మంత్రి లేచి, పుల్లక్కకు బిళ్ళ ఉన్నట్టే భావించాలన్నాడు. అంత తేలికైతే కెంచమ్మకూ ఉన్నట్టే భావించమంది పుల్లక్క. అయితే ఇప్పుడే బిళ్ళ రాయిస్తామన్నాడు.

"ఇవాళ్టి తిథి వేస్తే నలభై ఏళ్ళ కిందట నాకు లేనట్టే. దొరగారి నిమ్మకాయ చెల్లదు."

"ఖర నామ సంవత్సరం అని వేస్తాం."

"ఏ ద్వారాన వచ్చానని రాస్తారు?"

మంత్రి తూర్పు ద్వారమన్నాడు. ఆ ఏడాదంతా తూర్పు ద్వారం మూసి ఉన్నట్టు మీ దఫ్తరంలోనే ఉంది, దొంగరాత రాస్తే రేపు చిన్నరాజుగారు ఆ కాగితం తీయించి చదివిస్తారు, నాకేం, పోయేది సింహాసనం అంది పుల్లక్క. సోమరాజు కాదనలేదు. మంత్రి కూర్చున్నాడు.

"మరి ఏం రాయమంటావు?" అన్నాడు రాజు.

"జరిగింది రాయండి. పుల్లక్క అనే పిల్ల ఖర నామ సంవత్సరంలో పడమటి రేవు దాటి వచ్చింది, ఆ రావడం సక్రమమే అని. రేవు దాటి రావడం నాకు సక్రమమైతే, నా తరువాత దాటిన ప్రతివాళ్ళకూ సక్రమమే. వాళ్ళకోసం ఒక రేవు, నాకోసం ఒక రేవు లేదు దొరా. ఉన్నది ఒకటే ఏరు. ఆ రేవును ద్వారం అంటారో, సింహాసనం దిగుతారో, రెండింట్లో ఒకటి పొద్దు వాలేలోగా తేల్చండి. నేను మాత్రం కెంచమ్మ పక్కన కూర్చోవాలి, పడవలో అయినా ఇంట్లో అయినా."

ముందు సోమరాజు నవ్వాడు, తొడ చరిచి. దక్కబోయిన సింహాసనం దక్కలేదని తెలిసి కూడా ఆయన నవ్వడం సభకు నచ్చింది. సభ నవ్వింది. చివరికి రాజూ నవ్వాడు. ఓడిపోయిన పేదవాణ్ణి పడవెక్కిస్తారు, ఓడిపోయిన రాజు నవ్వేస్తే సరిపోతుంది. అయినా ఆ నవ్వు మధ్యలో ఎక్కడో నిజం నవ్వయింది. నలభై ఏళ్ళుగా ఒక నిమ్మకాయ మీద కూర్చుని ఉన్నానా అని ఆయనే అన్నాడట.

పడమటి రేవును ద్వారంగా, అదీ ఖర నామ సంవత్సరం నుంచే ద్వారంగా రాయించాడు. మూడో ముక్క కొట్టేయించాడు. పడవలు ఒడ్డుకు కట్టేశారు. రాజు తన మెడలో ముత్యాల హారం తీసి ఇవ్వబోతే పుల్లక్క పుచ్చుకుంది. వద్దనడానికి ఆమె సన్యాసిని కాదు. దానితోపాటు ఇంకొకటి అడిగింది. కెంచమ్మ గుడిసె కూల్చిన బంట్లే దాన్ని మళ్ళీ కట్టాలి, మంత్రిగారు దగ్గరుండి గడ్డి అందించాలి. రాజు సరేనన్నాడు. తిరువేంగళయ్య గడ్డి మోపుల మధ్య నిలబడటం చూడటానికి కోనంశెట్టి అంగడి మూసి వచ్చాడు. మూడు నెలలు ఎండలో ఊరికే నిలబడ్డానని మాత్రం గొణిగాడు. నీ కాళ్ళనొప్పులు కెంచమ్మ పెట్టలేదు శెట్టీ, తలుపు కాసినవాణ్ణి అడుగు అంది పుల్లక్క, అతనికి పక్కకు జరిగి చోటిస్తూ.

ఆ వారమంతా ఆమె పొద్దునా సాయంత్రమూ ఆముదం రాసి, కెంచమ్మ కడుపులో బిడ్డను చేతులతో కొంచెం కొంచెంగా తిప్పుకొచ్చింది. బిడ్డ తిరిగింది. తల ముందు వచ్చింది. ఆడపిల్ల. సుంకం చావడి అధికారి కలం పట్టుకుని గుడిసెకే వచ్చి, గుమ్మం బయట గొంతుక్కూర్చుని, పుల్లక్క చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. దుర్గప్ప కూతురు, తల్లి కెంచమ్మ, పుట్టిన ఊరు పైడిమడుగు, సాక్షి పడమటి ద్వారాన వచ్చిన మంత్రసాని పుల్లక్క. విరోధి నామ సంవత్సరం భాద్రపద శుద్ధ తదియ, శనివారం, పొద్దు పొడిచిన ఏడో ఘడియ.