తేనె తినేసిన పాలపళ్ళు

తేనెబండ అడవిలో గోడలా నిటారుగా నిలిచిన ఒక పెద్ద కొండ ఉండేది. దాని రాతి నిండా తేనెపట్లు వేలాడేవి. ఎండ పడితే బండంతా బంగారంలా మెరిసేది. తేనెటీగల ఝుంకారం ఏటి అవతల మేసే జింకలకు కూడా వినిపించేది.

ఆ అడవిలో ఎలుగుబంట్లు, కొండముచ్చులు, జింకలు, ముళ్ళపందులు, ఏనుగులు ఉండేవి. వాటిలో ఆ బండ ఎక్కి తేనె దింపగలిగింది మాత్రం ఒక్కతే. ఆమె కాటుక అనే తల్లి ఎలుగు. ఆమె బండ ఎక్కుతుంటే కింద జంతువులన్నీ మేత మాని తలలెత్తి చూసేవి. ఆ సంగతి కాటుకకు బాగా తెలుసు.

కాటుకకు ఒక్కతే కూతురు. ఇప్పపూలు రాలే రోజుల్లో పుట్టింది కాబట్టి ఇప్పి అని పేరు పెట్టింది. ఇప్పి తల్లి వీపు మీద ఎక్కి అడవంతా తిరిగేది. కనిపించిన ప్రతిదాని పేరూ అడిగేది. ఏడుపు మొదలుపెడితే కాటుక తేనెపట్టు ముక్క నోట్లో పెట్టేది. నిద్రపుచ్చేటప్పుడు కూడా అంతే. ఇప్పి ఆ ముక్కను చప్పరిస్తూ, బుగ్గలో ఉంచుకునే నిద్రపోయేది.

వాళ్ళ గుహ పక్కన చింతచెట్టు మీద చిగురి అనే కొండముచ్చు ఉండేది. చిగురి కొడుకు పిందెకు అప్పుడే పళ్ళు వస్తున్నాయి. చిగురి రోజూ పొద్దున ఒకసారి, పడుకోబెట్టే ముందు ఒకసారి వాడిని ఒళ్ళో పడుకోబెట్టుకునేది. మెత్తటి నాచు తడిపి, చిగుళ్ళూ పళ్ళూ ఒక్కొక్కటే తుడిచేది. పిందె కాళ్ళు తన్నుకునేవాడు. అయినా వదిలేది కాదు.

కాటుక అది చూసి నవ్వింది. "పాలపళ్ళకు ఇంత సేవ ఎందుకే చిగురీ? ఎలాగూ ఊడిపోయేవే కదా."

"ఊడేదాకా వాటితోనే తినాలి కదక్కా," అంది చిగురి. "ఇంకో మాట. ఏమీ అనుకోకు. నిద్రపోయే బిడ్డ నోట్లో తేనె ఉంచకక్కా. అది పళ్ళ మీదే ఉండిపోతుంది."

"బండ ఎక్కి తేనె తేలేనివాళ్ళు తేనెకు వంకలు పెడతారు," అంది కాటుక.

చిగురి మళ్ళీ నాచు తడిపి పిందె పళ్ళు తుడవసాగింది.

కొన్నాళ్ళకు ఇప్పి ముందు పళ్ళ మీద సున్నం పూసినట్టు తెల్లటి మచ్చలు వచ్చాయి. కాటుక గమనించలేదు. తర్వాత అవి గోధుమరంగుకు తిరిగాయి. తేనె మరకలే అనుకుంది. వానలు పడే నాటికి ఎడమ వైపు కోరపన్ను నల్లబడింది. ఇప్పి కుడి వైపే నమిలి తినసాగింది. నేరేడుపళ్ళు పెడితే వద్దంది. చల్లటి నీళ్ళు తాగితే ఉలిక్కిపడింది.

"నొప్పిగా ఉందమ్మా," అంది ఒకరోజు.

కాటుకకు తెలిసిన మందు ఒకటే. ఇంకాస్త తేనె పెట్టింది.

మూడు రోజులు గడిచేసరికి ఇప్పి బుగ్గ ఉబ్బిపోయింది. వాపు కంటి దాకా పాకి, ఎడమ కన్ను సగం మూసుకుపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. కాటుక తేనెపట్టు తెస్తే ఇప్పి మొహం పక్కకు తిప్పుకుంది. పుట్టిన తర్వాత ఇప్పి తేనె వద్దనడం అదే మొదటిసారి. అప్పుడు కాటుకకు భయం వేసింది.

ఆమె చింతచెట్టు కింద నిలబడి, "చిగురీ, ఒకసారి దిగి వచ్చి చూడవే," అని పిలిచింది.

చిగురి దిగి వచ్చి ఇప్పి నోరు చూసింది. పంటి చిగురు మీద చీముగడ్డ కనిపించింది. "ఇది నా చేతిలో పని కాదక్కా. కొండవ్వ దగ్గరికి పోదాం. ఇప్పుడే బయలుదేరు," అంది. పిందెను పొట్టకు హత్తుకుని తనూ వెంట నడిచింది.

కొండవ్వ ఆ అడవిలోకెల్లా ముసలి ఏనుగు. ఏటికి ఎగువన ఉప్పుమిట్ట దగ్గర ఉండేది. అక్కడి నేలలో ఉప్పు ఉంటుంది. దెబ్బలు తగిలిన జంతువులు ఆమె దగ్గరికే వెళ్ళేవి. పూట ప్రయాణం. దారిలో నెమలి ఈకలు పడి ఉన్నాయి. ఏట్లో తాబేళ్ళు తేలుతున్నాయి. ఇప్పి దేని పేరూ అడగలేదు. తల్లి బొచ్చు పట్టుకుని, ఉబ్బిన బుగ్గను ఆమె వీపుకు ఆనించి పడుకుంది. కూతురు మాట్లాడకపోవడం కాటుకకు వీపు మీది బిడ్డకంటే బరువుగా అనిపించింది.

ఉప్పుమిట్ట మీద కొండవ్వ నిలబడి ఉంది. దూరం నుంచి చూస్తే నిజంగా ఒక కొండే. కాటుక బిడ్డను దించి, "అవ్వా, నా బిడ్డను చూడు," అంది.

ఇప్పి వణుకుతోంది. నోరు తెరవనంది.

"సరే బిడ్డా, ముందు నా నోరు చూడు," అంది కొండవ్వ. మోకాళ్ళ మీద కూర్చుని, తొండం పైకెత్తి నోరు తెరిచింది.

ఇప్పి ఒంటికన్నుతోనే లోపలికి చూసింది. అది నోరులా లేదు, చిన్న గుహలా ఉంది. దవడ మీద ఇటుకకంటే పెద్ద పన్ను ఒకటి ఉంది. దాని మీద దున్నిన చేనులా వరస వరసగా చాళ్ళు. ఒక చివర మాత్రం అరిగి, ఏటి రాయిలా నున్నగా అయిపోయింది. ఇప్పి నొప్పి మరిచి చూస్తూ ఉండిపోయింది. పిందె కూడా తల్లి పొట్ట దగ్గర నుంచి తల చాచి చూశాడు.

"దీనితో ఎన్ని చెట్లు తిన్నావవ్వా?" అని మెల్లగా అడిగింది ఇప్పి.

"లెక్క తెలియదమ్మా. మా ఏనుగులకు దవడపళ్ళు ఆరుసార్లు వస్తాయి. ఒకటి అరిగిపోతే వెనక నుంచి ఇంకొకటి నెట్టుకుంటూ వస్తుంది. ఇది ఆరోది. దీని వెనక ఇంకేమీ లేదు. ఇది పూర్తిగా అరిగిన రోజు, అడవి నిండా గడ్డి ఉన్నా నేను తినలేను."

అంత పెద్ద ఏనుగు ప్రాణం ఆ ఒక్క పన్ను మీద నిలిచి ఉందని తెలిసి కాటుక నిలబడినచోటే నిలబడిపోయింది.

"ఆరుసార్లు పళ్ళు వచ్చే నేనే ఇంత జాగ్రత్తగా ఉంటాను," అంది కొండవ్వ. "మీకు రెండేసార్లు వస్తాయి. ఏదీ, నీ నోరు చూపించు."

ఇప్పి నోరు తెరిచింది.

కొండవ్వ తొండం చెట్లను వేళ్ళతో సహా పెకలించగలదు. ఆ తొండం కొస ఇప్పుడు గాలికి ఊగే గడ్డిపోచలా బిడ్డ నోట్లోకి వెళ్ళింది. నేల మీద పడ్డ నువ్వుగింజను ఏరినట్టు నల్లపన్నును పట్టుకుని లాగింది. చీము బయటికి వచ్చింది. ఇప్పి ఒక్కసారి మూలిగింది. చిగురి దోసిలితో ఉప్పునీళ్ళు తెచ్చి నోరు పుక్కిలింపజేసింది.

"ఇలా రా కాటుకా. లోపలికి చూడు," అంది కొండవ్వ.

పన్ను ఊడిన గుంట అడుగున, ఎర్రటి చిగురు మధ్య తెల్లగా ఏదో కనిపించింది. వడ్లగింజ మొనంత ఉంది.

"ఏమిటవ్వా అది?"

"నీ బిడ్డకు రాబోయే అసలు పన్ను. ఎలాగూ ఊడిపోయేవే అనుకుని ఉంటావు. ఆ పాలపన్ను దీనికి చోటు కాస్తూ, దారి చూపిస్తూ ఇన్నాళ్ళూ కావలి ఉంది. ఇంకా కొన్ని నెలలు ఉండవలసింది. దాన్ని తేనె తినేసింది."

కాటుక ఆ తెల్లటి మొనను రెప్ప వేయకుండా చూసింది. ఎన్నోసార్లు బండ చివరికి ఎక్కి, మొత్తం అడవిని కింద చూసింది. అప్పుడెప్పుడూ ఆమెకు ఇంత ఆశ్చర్యం కలగలేదు. తాను నిద్రపోతున్నప్పుడు కూడా బిడ్డ చిగురు లోపల ఒక పన్ను చడీచప్పుడు లేకుండా పెరుగుతోంది. ఆ సంగతి తనకు తెలియనే లేదు. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారాయి.

"ఇప్పుడు నేనేం చేయాలవ్వా?"

"మిగిలినవాటిని కాపాడు. తేనె మానిపించమనను. తిండి వేళ పెట్టు, పెట్టాక నీళ్ళు తాగించు. పడుకునే ముందు నువ్వే శుభ్రం చెయ్యి. చిన్నపిల్ల, దానికి చేతకాదు. నొప్పి లేకపోయినా అప్పుడప్పుడూ తీసుకొచ్చి చూపించు. నొప్పి ఆఖరున వస్తుంది తల్లీ, మొదట రాదు."

రెండు రోజులకు వాపు తీసింది. ఇప్పి కన్ను తెరిచింది. కానీ ఆ వానాకాలమంతా గట్టివి నమలలేకపోయింది. కాటుక ప్రతి పండునూ దుంపనూ తానే నమిలి మెత్తగా చేసి పెట్టింది. ఖాళీగా ఉన్న చోటికి పక్క పళ్ళు ఒరిగాయి. అసలు కోరపన్ను వచ్చేసరికి దానికి చోటు చాలక వంకరగా మొలిచింది. పిందెకు మాత్రం ముత్యాల్లాంటి పళ్ళు తీరుగా వచ్చాయి. వెలగకాయలు వాడు కొరుకుతుంటే ఆ చప్పుడుకు కాటుక తల దించుకునేది.

ఒకరోజు కాటుక చిగురి దగ్గరికి వెళ్ళింది. "ఆరోజు నిన్ను చిన్నబుచ్చాను. మనసులో పెట్టుకోకే," అంది.

"ఇప్పి బాగుంది, అదే చాలక్కా," అంది చిగురి.

రెండేళ్ళకు కాటుకకు మళ్ళీ ఒక పిల్ల పుట్టింది. ఒకనాటి ఉదయం పాలు తాగుతూ ఆ పిల్ల తల్లిని కొరికింది. కాటుక పిల్ల నోరు తెరిచి చూసి, ఇప్పిని పిలిచింది. గులాబీరంగు చిగురు మీద ఒక్క తెల్లటి చుక్క కనిపించింది. కాటుక నాచు తడిపి, ఊపిరి బిగబట్టి దాన్ని తుడిచింది.

"ఇంత చిన్నదాన్ని కూడా తుడవాలా అమ్మా?" అంది ఇప్పి.

"ఈరోజు నుంచే తుడవాలి," అంది కాటుక.

ఇద్దరూ ఆ ఒక్క పన్నునే చూస్తూ చాలాసేపు కూర్చున్నారు.

నీతి: ఊడిపోయే పాలపళ్ళే కదా అని నిర్లక్ష్యం చేయరాదు, మొదటి పన్ను మొలిచిన రోజు నుంచే వాటిని కాపాడే బాధ్యత తల్లిదండ్రులదే.