అసలు ప్రోటీను, నకలు ప్రోటీను

ధరణీధర మహారాజుకు ఏది చూపించినా "అసలుదా, నకలుదా?" అని అడగడం అలవాటు. ఒకరోజు ఆ పిచ్చి రక్తం మీదికి మళ్లింది.

"హిమోగ్లోబిన్‌లో ఆల్ఫా అనే ప్రోటీను ఉందట. దాన్ని తయారుచేసే జన్యువులు రెండట. ఎప్పుడో ఒకదానికి నకలుగా రెండోది పుట్టిందట. మరి దేని సరుకు గొప్పది?"

రాజుగారి ప్రయోగశాల చూసే మంగతాయి నెల రోజులు కష్టపడి, ఆ రెండు ప్రోటీన్లనూ పోల్చి చూసింది.

"రెండూ అమైనో ఆమ్లాలనే పూసలు నూట నలభై ఒకటి గుచ్చిన దండలు, ప్రభూ. ఒక్క పూస కూడా తేడా లేదు. కాకపోతే ఒక జన్యువు ఎక్కువ పని చేస్తుంది, ఇంకోటి తక్కువ. మన కొలువులోలాగే."

రాజుగారు మొహం చిట్లించారు. తేడా లేదంటే ఆయనకు నచ్చదని రాజవైద్యుడు బృహత్కీర్తికి బాగా తెలుసు. ఆ వైద్యుడి విద్యంతా అదే.

"తేడా లేకపోవడమేమిటి ప్రభూ! అసలుదానిలో రాజసం ఉట్టిపడుతుంది. నకలుది ఉత్త నాసిరకం. సీసా చూసి చెప్పేస్తాను. ఈవిడకు కళ్లు కనబడకపోతే ప్రయోగశాల నాకు అప్పగించండి."

"సరే. వైద్యుడు తేడా చూపిస్తే, మంగతాయీ, నువ్వు కోట వదిలి వెళ్లాలి."

పద్దెనిమిదేళ్ల కొలువు! మంగతాయికి ఒళ్లు మండిపోయింది. విసవిసా వెళ్లి రెండు సీసాలు తెచ్చింది.

"ఒక్కో సీసాలో ఒక్కో జన్యువు చేసిన ప్రోటీను ఉంది. ఏది అసలుదో చెప్పండి, వైద్యులవారూ."

బృహత్కీర్తి ఒక సీసాను వెలుతురుకేసి పట్టి, ఒక కన్ను మూసి చూశాడు.

"ఇదే. ఆహా, ఏం తేజస్సు!"

"మరి రెండోది?"

"ఛీ! ఇలాంటిది ఒంట్లో ఉన్నవాణ్ణి కోట గుమ్మం తొక్కనివ్వకూడదు."

సభ మొత్తం తలూపింది. అందరికంటే గట్టిగా రాజుగారు ఊపారు.

మంగతాయి చేతులు జోడించింది.

"అయితే తమరు బయటికి దయచేయాలి, ప్రభూ. ఈ రెండు జన్యువులూ పోయిన నెల తమ వేలి నుంచి తీసిన రక్తంలోవే!"

సభలో ఊగుతున్న తలలన్నీ ఆగిపోయాయి.

"వైద్యుడా," అన్నారు రాజుగారు మెల్లగా, "నా రక్తం నాసిరకమా?"

బృహత్కీర్తి గబగబా రెండు సీసాలూ ఎత్తి, ఈసారి రెండు కళ్లూ తెరిచి చూశాడు.

"ప్రభూ... నూట నలభై ఒకటికి నూట నలభై ఒకటీ... ఒక్క పూస కూడా తేడా లేదు!"

కోప్పడాలో నవ్వాలో తేల్చుకోలేక రాజుగారు నవ్వేశారు. ఆయన నవ్వాక సభంతా పగలబడి నవ్వింది. మంగతాయికి రాజుగారి వేలి ఉంగరం దక్కింది. బృహత్కీర్తికి ఆమె దగ్గర సీసాలు కడిగే ఉద్యోగం దొరికింది.